పాత పేజ్‌మేకర్ ఫైలు చేతికొచ్చిందా? ఏ దారిలో తెరవాలో ఇలా తేల్చుకోండి

తాతగారి కవితల పుస్తకం, కాలేజీ పూర్వ విద్యార్థుల సావనీరు, ఊరి గుడి చరిత్ర మీద ఎప్పుడో వేసిన చిన్న పొత్తం. ఇలాంటిదాన్ని మళ్లీ అచ్చు వేయిద్దామనో, ఈబుక్ చేసి అందరికీ పంపుదామనో బయల్దేరిన వాళ్లకు చాలాసార్లు చివరికి దొరికేది ఒక సీడీయో పెన్‌డ్రైవో. అందులో పేరు చివర ‘పీఎండీ’ అని ఉన్న ఫైలొకటి ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే, దీన్ని దేనితో తెరవమంటారు అని కంప్యూటరే మనల్ని ఎదురు అడుగుతుంది.

అది పేజ్‌మేకర్ ఫైలు. 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చిన, అచ్చుకు పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కలిపేసుకుంది. 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తో పేజ్‌మేకర్ కథ ఆగిపోయింది, అడోబీ తన దృష్టంతా ఇదే పని చేసే ఇన్‌డిజైన్ అనే తన ఇంకో సాఫ్ట్‌వేర్ మీద పెట్టింది. విజయవాడ, హైదరాబాద్‌లలో అచ్చుకు పేజీలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లలో మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పేజ్‌మేకరే నడిచింది. ఆపరేటర్ల వేళ్లకు అలవాటైన కీబోర్డు, చేతిలో ఉన్న ‘అను’ అనే తెలుగు ఫాంట్లు రెండూ అందులో హాయిగా పనిచేసేవి, మార్చుకోవాల్సిన అవసరమేంటి? అందుకే ఆ కాలపు తెలుగు పుస్తకాల ఫైళ్లు ఎక్కువగా ఈ రూపంలోనే దొరుకుతాయి.

‘దీన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఏది?’ అని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. ఈ ఫైలుకు రెండు తాళాలున్నాయి. మొదటిది పేజ్‌మేకర్, రెండోది అందులో తెలుగు రాసిన పద్ధతి. మొదటి తాళం తీశాక తెర మీద పిచ్చి గీతలు చూసి ఫైలు పాడైపోయిందని వదిలేసినవాళ్లు చాలామంది. పాడవలేదు, రెండో తాళం ఇంకా తీయలేదంతే.

ముందు అది నిజంగా పేజ్‌మేకరేనా?

విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి ముక్కను దాచేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ దగ్గర టిక్ పెట్టండి. విండోస్ 11లో అయితే వ్యూ కింద ‘షో’ అనే చోట ఉంటుంది. పీఎండీ అని ఉంటే 7వ వెర్షన్, పీ65 అని ఉంటే 6.5, పీఎం6 అయితే 6.0, పీఎం5 అయితే ఇంకా పాతది. ఈ అంకె తర్వాత అక్కరకొస్తుంది, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

పీఎండీ అన్న తోక పేజ్‌మేకర్ సొంత సొత్తేమీ కాదు. ప్లాన్‌మేకర్ అనే లెక్కల పట్టిక సాఫ్ట్‌వేర్ కూడా అదే వాడింది. మికుమికుడ్యాన్స్ అనే జపాన్ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మల నమూనాలకూ అదే తోక. పుస్తకం సీడీలోంచి వచ్చినదైతే అనుమానించాల్సిన పని లేదు. ఎక్కడిదో తెలియని ఫైలైతే దాని కాపీ ఒకటి తీసి నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి రెండు మూడు అక్షరాలు చూడండి. ఇంగ్లిష్‌లో ‘పీడీఎఫ్’ అని కనిపిస్తే అది పీడీఎఫే, ఎవరో పేరు మార్చారు. ‘పీకే’ అని ఉంటే జిప్ చేసిన మూట. ‘పీఎండీ’ అనే మూడక్షరాలే మొదట్లో కనిపిస్తే అది జపాన్ బొమ్మ. పేజ్‌మేకర్ ఫైలు మొదట్లో చదవడానికి వీల్లేని గుర్తులే ఉంటాయి. పాత వర్డ్, ఎక్సెల్ ఫైళ్లూ అలాగే మొదలవుతాయి కాబట్టి ఈ పరీక్షతో ఏది కాదో తెలుస్తుంది తప్ప ఏదో కచ్చితంగా తేలదు. చూసి సేవ్ చేయకుండా మూసేయండి.

ఇంకో మాట. పీఎండీ అనే చోట పీడీఎఫ్ అని పేరు మారిస్తే తెరుచుకుంటుందని కొందరు నమ్మకంగా చెబుతారు. పేరు మారుతుంది, ఫైలు మారదు. ఫోన్లో వాట్సాప్‌కి వచ్చిన పీఎండీ కోసం ప్లే స్టోర్‌లో ‘ఓపెనర్’ యాప్‌లు వెతకడం కూడా దండగ. ఫోన్లో ఈ పని అవదు.

రెండో తాళం: అను

యూనికోడ్ అంటే ఇప్పటి కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల లెక్క. అందులో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఉంది. పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ ఎప్పుడూ రాలేదు. అందుకని డీటీపీ వాళ్లు వాడిన ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి. అక్షరం కాదు, అక్షరపు ముక్క. తలకట్టు, కొమ్ము, వత్తు దేనికది వేరు.

దగ్గర్నుంచి చూస్తే దాని తిరకాసు తెలుస్తుంది. అను ఫాంటులో ‘మ’ అనేది ఒక్క అక్షరం కాదు, ‘వ’కు ఒక కొమ్ము తగిలిస్తే మ. ఫాంటు లేని కంప్యూటర్లో అది ఇంగ్లిష్ చిన్నబడి ‘ఈ’, దాని పక్కన పెద్దబడి ‘టీ’గా కనిపిస్తుంది. ‘ము’ కావాలంటే ఇంకో ‘టీ’. ‘వి’ డాలర్ గుర్తు, అందుకని విజయవాడ అన్న మాట డాలర్‌తో మొదలవుతుంది. సున్న ప్లస్ గుర్తు, కాబట్టి ‘ప్రభుత్వం’ ప్లస్‌తో ముగుస్తుంది. అదే మాటలో ర వత్తు ‘ప’ కంటే ముందు వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే కాగితం మీద అది ఎడమ పక్క నుంచి మొదలవుతుంది కదా. తెర నిండా డాలర్లు, ప్లస్‌లు, నెత్తిన గీతలున్న యూరప్ అక్షరాలు కనిపిస్తున్నాయంటే సంతోషించండి. మీ మ్యాటర్ భద్రంగా ఉంది, ఫాంటే లేదు.

అన్నీ అనూ కావు. ఫాంటు పేరు చూస్తే ఏ కుటుంబమో తెలుస్తుంది. ప్రియాంక, హర్షప్రియ, పల్లవి లాంటి పేర్లయితే అను. ‘శ్రీ-టెల్’ అని మొదలై అంకెలుంటే పుణె మాడ్యులర్ ఇన్ఫోటెక్ వాళ్ల శ్రీలిపి. ‘టీఎల్-టీటీ హేమలత’ లాంటిదైతే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్లది. ముగ్గురి లెక్కలూ వేరు. ఒకరి ఫాంటుకు రాసిన మార్పిడి పరికరం ఇంకొకరిదానికి పనికిరాదు. పేజ్‌మేకర్‌లో ఫైలు తెరవగానే లేని ఫాంట్ల జాబితాతో ఒక పెట్టె వస్తుంది, ఓకే నొక్కే ముందు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

మీకు కావలసిందేంటి?

ఇది తేల్చుకోకుండా దారి ఎంచుకుంటే టైమూ డబ్బూ రెండూ పోతాయి. పుస్తకం అప్పట్లో ఎలా ఉందో అలా చూడాలా, లేక యథాతథంగా మళ్లీ అచ్చు వేయాలా? అప్పుడు పీడీఎఫ్ చాలు. లోపలి మ్యాటర్ యూనికోడ్‌లో కావాలా, వెబ్‌లో పెట్టడానికో ఈబుక్ చేయడానికో? అప్పుడు పేజీ అందం అక్కర్లేదు, అక్షరాలు కావాలి. తప్పులు దిద్ది, కొత్త ముందుమాట చేర్చి, కొత్త సైజులో వేయాలా? అప్పుడు రెండూ కావాలి. చాలామంది మొదటి అవసరానికి మూడోదానికయ్యే ఖర్చు పెడుతుంటారు.

వీటన్నిటికీ ముందు, ఆ పుస్తకం వేసిన ప్రెస్సుకో డీటీపీ చేసిన మనిషికో ఒక ఫోన్ కొట్టండి. ‘అన్నా, అప్పట్లో ప్రింటింగ్‌కి పంపిన పీడీఎఫ్ ఏమైనా ఉందా?’ అని అడిగితే సగం కేసులు అక్కడే తేలిపోవచ్చు. మీ ఫైలును మాత్రం ముందు రెండు చోట్ల కాపీ చేసుకుని, ఆ కాపీల మీదే ప్రయోగాలన్నీ చేయండి.

డీటీపీ సెంటర్‌కు ఇవ్వడం

తెలుగు పుస్తకానికి నన్నడిగితే ఇదే మొదటి దారి. పాత సెంటర్లలో ఒక మూల పాత విండోస్‌తో ఒక సిస్టమ్ ఇంకా బతికే ఉంటుంది. అందులో పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ, వాటి మీద పదిహేను ఇరవై ఏళ్లు పనిచేసిన చెయ్యీ దొరుకుతాయి. రెండు తాళాల చెవులూ ఒకేచోట ఉన్నట్టే.

‘ఈ ఫైలు ఓపెన్ చేసివ్వండి’ అని వదిలేస్తే మాత్రం ఒక పీడీఎఫ్ చేతిలో పెట్టి పంపిస్తారు. అడగాల్సినవి విడివిడిగా అడగాలి. ఫాంట్లన్నీ లోపల ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఒకటి. ప్రతి అధ్యాయం మ్యాటర్‌నూ ఆర్టీఎఫ్‌గా, అంటే వర్డ్‌లో తెరుచుకునే రూపంలో, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైళ్లు. ఏ ఏ ఫాంట్లు, అను ఏ వెర్షన్ అన్న చీటీ. ఇవన్నీ తెరిచిన పూటే చేయించుకోవాలి. మళ్లీ వెళ్తే ఆ సిస్టమ్ మూలన పడొచ్చు, ఆ ఆపరేటర్ మానేసి ఉండొచ్చు. రేటు పేజీల లెక్కన మాట్లాడుకోండి, ఎక్స్‌పోర్ట్‌కు వేరేగా ఎంత అన్నది ముందే తేల్చుకోండి.

వచ్చిన పీడీఎఫ్‌ను పాత అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని చూడాలి. పేజీల సంఖ్య సరిపోయిందా, ప్రతి పేజీ ఆఖరి లైను అదే మాటతో ముగిసిందా చూస్తే చాలు, మ్యాటర్ కదిలిందో లేదో తెలిసిపోతుంది. అను 6లో కంపోజ్ చేసినదాన్ని 7 ఫాంట్లతో తెరిస్తే కొన్ని అక్షరాలు తారుమారయ్యే ప్రమాదముంది. శ్రీ, క్ష, జ్ఞ, ఋ, కొటేషన్ గుర్తులు, అంకెలు ఉన్న చోట్ల కాస్త ఆగి చూడండి.

బొమ్మల సంగతి వేరు. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను సాధారణంగా ఫైల్లో పెట్టుకోదు, ఏ ఫోల్డర్లో ఉన్నాయో గుర్తుపెట్టుకుని పైకి ఒక మసక ప్రతి చూపిస్తుంది. సీడీలో ఆ బొమ్మల టిఫ్ ఫైళ్లు కూడా ఉంటే మొత్తం ఫోల్డర్ ఇవ్వండి, పీఎండీ ఒక్కటే మెయిల్ చేయొద్దు. టిఫ్‌లు పోయి ఉంటే ఆ మసక ప్రతే గతి. అప్పుడు పాత పుస్తకంలోంచి స్కాన్ చేసుకోవడం మేలు.

మన దగ్గరే పేజ్‌మేకర్ పెట్టుకోవడం

ఒక్క పుస్తకం కోసమైతే వద్దు. ఒక ప్రచురణ సంస్థ దగ్గరో పత్రిక ఆఫీసులోనో వందల ఫైళ్లుంటేనే ఇది ఆలోచించాల్సిన దారి. అసలు సీడీ, లైసెన్సు ఉంటే వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇప్పటి కంప్యూటర్లోనే పాత విండోస్ ఒకటి పెట్టి, అందులో పేజ్‌మేకర్‌ను నడపొచ్చు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వకండి, పాత విండోస్‌కు భద్రత ఉండదు. ‘ఫ్రీ డౌన్‌లోడ్’ అని ఎక్కడపడితే అక్కడ దొరికే పేజ్‌మేకర్ కాపీలు చట్టరీత్యా తప్పు, పైగా వాటితోపాటు ఏ వైరస్ వస్తుందో చెప్పలేం.

పీఎం5 లాంటి మరీ పాత ఫైళ్లుంటే మాత్రం ఈ దారో డీటీపీ సెంటరో తప్పదు. ముందు పేజ్‌మేకర్ 7లో తెరిచి కొత్తగా సేవ్ చేస్తేనే మిగతా సాఫ్ట్‌వేర్‌లు దాన్ని గుర్తుపడతాయి.

ఇన్‌డిజైన్: సీఎస్6 ఉంటేనే

‘ఇన్‌డిజైన్‌లో తెరుచుకుంటుంది’ అన్న మాట నిజమే, కానీ నెలవారీ చందా కట్టే ఇప్పటి ఇన్‌డిజైన్‌లో కాదు. పేజ్‌మేకర్ 6 నుంచి 7 దాకా ఫైళ్లను తెరిచే సదుపాయం 2012లో వచ్చిన సీఎస్6 వరకే ఉంది. ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లలో తీసేశారు. ఈ ఒక్క ముక్క తెలియక ఒక నెల చందా కట్టి ఉసూరుమనేవాళ్లుంటారు.

తెలిసిన డిజైనర్ దగ్గర సీఎస్6 ఉంటే అది మంచి అవకాశం. పాత పేజ్‌మేకర్ ఫైలును చదవగలిగేది అదే, యూనికోడ్ తెలుగును సరిగా పేర్చగలిగేదీ అదే. భారతీయ భాషలకు ఇన్‌డిజైన్‌లో పక్కా ఏర్పాటు మొదలైంది కూడా ఆ వెర్షన్‌తోనే. అంటే పాత లేఅవుట్‌ను తెరిచి, అదే ఫ్రేముల్లో మార్చిన యూనికోడ్ మ్యాటర్ పోసి, కొత్త ఎడిషన్ తయారుచేయొచ్చు. మూడో అవసరం ఉన్నవాళ్లకు ఇంతకంటే సుఖమైన దారి లేదు. వేర్వేరు ఇన్‌డిజైన్ వెర్షన్ల మధ్య మార్చుకోవడానికి వాడే ఐడీఎంఎల్ రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే ఇప్పటి ఇన్‌డిజైన్‌లో కూడా తెరుచుకుంటుంది.

లిబ్రెఆఫీస్, స్క్రైబస్: పైసా ఖర్చు లేని దారి

2015 మొదట్లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలదు. మ్యాటర్ రాసుకునే రైటర్ భాగంలో కాదు, బొమ్మలు గీసుకునే డ్రా భాగంలో. ఫైలును మౌస్‌తో పట్టుకుని డ్రా కిటికీలోకి లాగి వదిలితే సరిపోతుంది. పేజీలు, గీతలు, పెట్టెలు, మ్యాటర్ వస్తాయి. పేజీలు పేర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.5 కూడా ఇదే పని చేస్తుంది. రెండూ 6, 7 వెర్షన్ల ఫైళ్లకే.

అచ్చుకు పంపేంత నిక్కచ్చిగా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. లైన్ల మధ్య ఖాళీలు మారతాయి, కొన్ని బొమ్మలు రావు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పారాల్సిన మ్యాటర్ పెట్టెలోంచి బయటికి పొర్లుతుంది. అయినా రెండు పనులకు ఇది భలే ఉపయోగం. ఒకటి, ఫైల్లో ఏముందో ఇంట్లో కూర్చుని చూడటం. డీటీపీ సెంటర్‌కు వెళ్లేముందు ఇది నాన్న పుస్తకమా, ఆయన దాచుకున్న శుభలేఖ నమూనానా అన్నది తెలిస్తే మంచిదేగా. రెండోది, ఫాంటు పేరు పట్టుకోవడం. గజిబిజి అక్షరాల మీద క్లిక్ చేస్తే పైన ఫాంటు పేరు కనిపిస్తుంది. మీ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే పేరు వాలిన అక్షరాల్లో ఉంటుంది. ఆ ఫాంటు సంపాదించి ఇన్‌స్టాల్ చేసి మళ్లీ తెరిస్తే గజిబిజి కాస్తా తెలుగైపోతుంది.

మ్యాటర్ తక్కువైతే ఇక్కణ్నుంచే కాపీ చేసుకుని యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. రెండు వందల పేజీల నవలకు ఒక్కో పెట్టె తెరిచి కాపీ చేయడం మాత్రం ఓపికకు పరీక్ష. పేజ్‌మేకర్‌లో అయితే మ్యాటర్‌లో ఒకచోట కర్సర్ పెట్టి కంట్రోల్-ఏ నొక్కితే, ఆ పెట్టెతో లింకైన పేజీలన్నిటి మ్యాటరూ ఒకేసారి ఎంపికవుతుంది. పెద్ద పుస్తకాలకు ఎక్స్‌పోర్ట్ అక్కడే చేయించమన్నది అందుకే.

‘పీఎండీ టు పీడీఎఫ్’ అంటూ ఫైలు అప్‌లోడ్ చేయమనే సైట్ల గురించి ఒక్క ముక్క చాలు. వాటి దగ్గర మీ అను ఫాంటు ఉండే అవకాశం దాదాపు లేదు. మారినా గజిబిజే పీడీఎఫ్ అయి వస్తుంది. ఇంకా అచ్చు కాని రచన అయితే తెలియని చోటికి పంపడమే మంచిది కాదు.

మార్పిడి పరికరమా, ఓసీఆరా?

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. పీడీఎఫ్ చేతికొచ్చింది, అందులోంచి కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే మళ్లీ డాలర్లూ ప్లస్‌లే. పీడీఎఫ్ అయినంత మాత్రాన అను యూనికోడ్ కాదు. యూనికోడ్ కావాలంటే రెండు మార్గాలు. ఒకటి, అను మ్యాటర్‌ను యూనికోడ్‌గా మార్చే పరికరంలో వేయడం. ఇవి వెబ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. రెండోది, పీడీఎఫ్ పేజీని బొమ్మగా చూసి అక్షరాలు గుర్తించే ఓసీఆర్. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఈ పని జరుగుతుంది. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కూ తెలుగు వచ్చు.

రెండూ తప్పులు చేస్తాయి, కానీ తప్పుల తీరు వేరు. మార్పిడి పరికరం చేసే తప్పు పుస్తకం పొడవునా ఒకేలా ఉంటుంది. ‘జ్ఞ’ ఒకచోట తేడా వచ్చిందంటే అన్నిచోట్లా అలాగే వస్తుంది. ఒకసారి కనిపెడితే ఫైండ్-రీప్లేస్‌తో అన్నీ పోతాయి. ఓసీఆర్ తప్పులు అలా కాదు. చుక్క మసకగా ఉంటే ‘థ’ను ‘ధ’ అంటుంది, తోక సరిగా పడకపోతే ‘ధ’ను ‘ద’ అంటుంది, పక్క పేజీలో అదే మాటను సరిగ్గా చదువుతుంది. అంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ప్రూఫ్ చూడాల్సిందే. రెండు కాలమ్‌ల పత్రిక పేజీ అయితే ఎడమ లైనునూ కుడి లైనునూ కలిపి వండే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి పీఎండీ తెరుచుకుని, ఫాంటు ఏదో తెలిసి, మ్యాటర్ పాతిక ముప్పై పేజీలు దాటితే మార్పిడి పరికరమే నా ఓటు. ఫైలు తెరుచుకోకపోయినా, ఫాంటు ఎవరిదో తేలకపోయినా, అచ్చు ప్రతి శుభ్రంగా ఉంటే ఓసీఆర్. అప్పుడు కనీసం 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) స్పష్టతతో స్కాన్ చేయండి, ఫోన్ ఫొటోలో పేజీ వంగితే అంత బాగా చదవదు. నాలుగైదు పేజీల మ్యాటరైతే ఈ హైరానా ఏదీ వద్దు, మళ్లీ టైప్ చేయించేయండి. దిద్దుకునే టైములో టైపు అయిపోతుంది.

మార్పిడికి దిగేముందు పుస్తకం మొత్తం వేయకండి. ప్ర, స్త్రీ, జ్ఞానం, క్షేత్రం, కృష్ణ, అర్థం, మామయ్య లాంటి మాటలున్న ఒక పేజీ వేసి చూడండి. ‘మ’ రావాల్సిన చోటల్లా ‘వు’ వస్తోందంటే ఆ పరికరం వకూ కొమ్ముకూ మధ్య లెక్క తప్పుతోందన్నమాట. అది ఫైండ్-రీప్లేస్‌తో పోయే తప్పు కాదు. వస్తువు, గురువు, చెరువు లాంటి మాటల్లో నిజమైన ‘వు’లు కూడా ‘మ’లైపోతాయి. వెంటనే వేరే పరికరం చూసుకోండి, లేదా ఫాంటు వెర్షన్ సరిగా ఎంచుకున్నారో లేదో చూడండి.

మార్పిడిలో ఇంకో చిక్కు, మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలు. మామూలు టెక్స్ట్‌గా మార్చినప్పుడు ఏది అను, ఏది ఇంగ్లిష్ అన్న భేదం చెరిగిపోతుంది. రచయిత డిగ్రీలు, ఈమెయిల్ చిరునామా అన్నీ అర్థం లేని తెలుగైపోతాయి. ఆర్టీఎఫ్ అడగమన్నది ఇందుకే, అందులో ఏ మాట ఏ ఫాంటులో ఉందో నిలుస్తుంది. వర్డ్‌లో తెరిచి ఇంగ్లిష్ ఫాంటులో ఉన్న మాటలకు ముందే రంగు వేసి పెట్టుకుంటే, మార్చాక ఎక్కడ పాత మాట తిరిగి పెట్టాలో తెలుస్తుంది.

లైను చివర హైఫన్ల గొడవ కూడా ఉంటుంది. అప్పటి ఆపరేటర్లు లైను నిండకపోతే మాటను చేత్తోనే విరిచి, హైఫన్ కొట్టి, ఒక్కోసారి ఎంటర్ కూడా కొట్టేవాళ్లు. అచ్చులో అందంగానే ఉంటుంది. బయటికి తీశాక మాత్రం ‘పుస్త-’ ఒక పేరా, ‘కం’ ఇంకో పేరా. ఈబుక్ చేసేవాళ్లు ఈ శుభ్రం చేసే పనికి మార్పిడి కంటే ఎక్కువ టైము లెక్కేసుకోవాలి.

ఎవరికి ఏది

ఇంట్లో ఒక్క పుస్తకం, యథాతథంగా మళ్లీ వేయాలనుకుంటే: డీటీపీ సెంటర్‌లో పీడీఎఫ్, దాంతోపాటు ఆర్టీఎఫ్. ఇప్పుడు అక్కర్లేకపోయినా ఆర్టీఎఫ్ తీసుకోండి. రేపు మనవరాలు ఈబుక్ అంటే మళ్లీ పాత సిస్టమ్ వేట మొదలవుతుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇండియా నుంచి అన్నయ్య పంపిన ఫైలు తెరవాల్సినవాళ్లకు దగ్గర్లో డీటీపీ సెంటర్ ఉండదు. ముందు లిబ్రెఆఫీస్‌తో చూసి, ఫాంటు పేరు పట్టుకోండి. ఆ పేరు, ఫైలు వెర్షన్ రెండూ చెప్పి ఇక్కడి సెంటర్‌కు మొత్తం ఫోల్డర్‌ను జిప్ చేసి పంపితే, ఫోన్లో బేరం ఆడటం కూడా తేలిక.

కొత్త ఎడిషన్ వేసే చిన్న ప్రచురణకర్తకు, సీఎస్6 ఉన్న డిజైనర్ దొరికితే ఆ దారి. దొరక్కపోతే పాత లేఅవుట్‌ను కాపాడాలన్న పట్టుదల మానేసి, మ్యాటర్ మాత్రం మార్చుకుని కొత్తగా పేజీలు పెట్టించడం నయం. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, మండలి, సూరన్న, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. పాత ప్రియాంక రూపమే కావాలని రచయిత పట్టుబడితే తప్ప వీటితో పని జరిగిపోతుంది.

పత్రిక పాత సంచికలు వందల్లో ఉంటే వర్చువల్‌బాక్స్ ఏర్పాటు చేసుకుని, ఒక ఆపరేటర్‌ను కూర్చోబెట్టడమే చౌక. ముందు అన్నిటికీ పీడీఎఫ్‌లు తీయించండి, యూనికోడ్ సంగతి తర్వాత చూడొచ్చు. సీడీలు ఎన్నాళ్లు చదవనిస్తాయో చెప్పలేం కాబట్టి వరస ఇదే.

చివరికి కవర్ పేజీ. అది పీఎండీలో లేదని కంగారు పడకండి. కవర్లు ఎక్కువగా కోరెల్‌డ్రాలోనో ఫొటోషాప్‌లోనో చేసేవాళ్లు. అదే సీడీలో సీడీఆర్, పీఎస్‌డీ అన్న తోకలతో వెతకండి. సీడీఆర్‌ను లిబ్రెఆఫీస్ డ్రా, ఇంక్‌స్కేప్ రెండూ తెరవగలవు. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి ఉంటే ఫాంటు గొడవే ఉండదు, కాకపోతే పేరులో అక్షరం దిద్దడం కుదరదు. శీర్షిక మారుతున్న కొత్త ఎడిషన్ అయితే ఆ ఒక్క ముక్క మళ్లీ టైప్ చేయించుకోవాల్సిందే.